ఆటలో ఊరుకున్నవాణ్ణి కొట్టవచ్చా?

మొన్న వానాకాలంలో ఒకనాడు మధ్యాహ్నం భోజనాల వేళ, మా ఎనిమిదో తరగతి కుర్రవాళ్ళు ఇద్దరు తగవు తీర్చమని నా దగ్గరికి వచ్చారు. ముందురోజు సాయంత్రం ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, నలుగురు కలిసి ఫోన్లలో లూడో ఆడారట. లూడో అంటే మన పచ్చీసుకు మనుమడి వరస లెండి!

"సార్! నాలుగు కాయల్లో మూడు పండించేశాను. ఒక్కటే మిగిలింది. ఇంతలో కరెంటు పోయింది. దాంతో పాటే వైఫై పోయింది. మళ్ళీ వచ్చి చూస్తే నేను ఓడిపోయినట్టు ఉంది. ఇదేం న్యాయం సార్?" అన్నాడు మొదటివాడు.

"వీడి మాట నమ్మకండి సార్. పోయిన వారం వీడు ఓడిపోతుంటే కూడా వాళ్ళింట్లో కరెంటు పోయింది. అప్పుడు మాత్రం ఆట చెల్లదన్నాడు!" అన్నాడు రెండోవాడు.

చుట్టూ చేరినవాళ్ళు ఘొల్లున నవ్వారు. మొదటివాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను తొండి ఆడలేదు సార్" అన్నాడు.

ఎవరు చెప్పేది నిజమో నాకు తెలియలేదు. తెలుసుకునే దారీ లేదు. మీరైతే ఏం తీర్పు చెబుతారు? ఆటలో కదలకుండా ఉండిపోయినవాణ్ణి నియమం కాపాడాలా, అక్కర లేదా? చిన్న తగవులా కనిపిస్తుంది గాని, తవ్వి చూస్తే ఇందులో బోలెడు సైన్సు ఉంది. రండి, కలిసి ఆలోచిద్దాం.

బండ ఎక్కినవాడు

నేల-బండ ఆట మీలో చాలామంది ఆడే ఉంటారు. "నేల కావాలా, బండ కావాలా?" అని దొంగ అడుగుతాడు. మీరు బండ కోరుకుంటే నేలంతా దొంగది. అరుగు మీదో మెట్టు మీదో ఉన్నంతసేపు దొంగ మిమ్మల్ని అంటుకోకూడదు. కిందికి దిగారో, దొరికిపోతారు.

అందరూ అరుగెక్కి, దిగకుండా కూర్చున్నారనుకోండి. అప్పుడేమవుతుంది? దొంగ కాసేపు చూసి, విసుగెత్తి ఇంటికి పోతాడు. ఆట ముగుస్తుంది.

పోనీ, అసలు అరుగే లేదనుకోండి. కాలిలో ముల్లు గుచ్చుకుని వంగినవాణ్ణి కూడా దొంగ అంటుకుంటాడు. ఆయాసం వచ్చి ఆగినవాడికీ అదే గతి. చిన్నవాళ్ళు ఏడుస్తూ వెళ్ళిపోతారు. అప్పుడూ ఆట ముగుస్తుంది.

చూశారా! రక్షణ బొత్తిగా లేకపోయినా ఆట చెడుతుంది, మితిమీరినా చెడుతుంది. కూరలో ఉప్పు సంగతి లాంటిదే ఇది. కాబట్టి రక్షణ ఉండాలా వద్దా అన్నది కాదు, ఎంత ఉండాలి, ఏ షరతు మీద ఉండాలి అన్నదే అసలు ప్రశ్న.

కూత ఆగితే ఏమనుకోవాలి?

ఇప్పుడు కబడ్డీ కోర్టుకు వెళదాం. కూతకు వెళ్ళినవాడు "కబడ్డీ కబడ్డీ" అంటూనే ఉండాలి. కూత ఆగిందా, అవుటే. పొలమారిందా, ఊపిరి చాలలేదా అని ఎవరూ అడగరు. ఈ రోజుల్లో పోటీలలో కూతకు 30 సెకండ్ల గడువు కూడా ఉంటుంది.

ఫోన్ ఆటల్లో కూడా అచ్చం ఇలాంటి కూత ఉంటుందంటే నమ్ముతారా? ఆటను నడిపే పెద్ద కంప్యూటరు ఎక్కడో దూరాన ఉంటుంది. దాన్ని సర్వర్ అంటారు. మీ ఫోను కొద్ది సెకండ్లకొకసారి "ఉన్నాను, ఉన్నాను" అని దానికి చిన్న కబురు పంపుతూ ఉంటుంది. ఈ కబురుకు ఇంజనీర్లు పెట్టిన పేరు హార్ట్‌బీట్, అంటే గుండెచప్పుడు. అది కొంతసేపు వినబడకపోతే, మీరు లేరని సర్వర్ లెక్క వేసుకుంటుంది.

ఆ "కొంతసేపు" ఎంత? సర్వర్ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉందనుకుందాం. హైదరాబాదు నుంచి తిన్నగా సుమారు 7,000 కిలోమీటర్లు. గాజుతీగలో కాంతి సెకండుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు పోతుంది. 7,000ని 2,00,000తో భాగించండి. 0.035 సెకండు వస్తుంది. రానుపోను 0.07 సెకండు. తీగలు తిన్నగా ఉండవు, దారిలో మజిలీలుంటాయి కనుక నిజానికి ఇంకా ఎక్కువే పడుతుంది. కాబట్టి కన్ను మూసి తెరిచేలోగా కబురు రాలేదని సర్వర్ మీమీద అలగకూడదు. కొంత ఓపిక పట్టాలి.

ఎంత ఓపిక పట్టినా ఒక చిక్కు మాత్రం తీరదు. కబురు ఎందుకు ఆగింది? కరెంటు పోయి ఉండవచ్చు. డేటా అయిపోయి ఉండవచ్చు. నాన్నగారు ఫోను తీసుకొని ఉండవచ్చు. లేదా ఓడిపోయే సమయం వచ్చిందని ఆటగాడే వైఫై కట్టేసి ఉండవచ్చు. ఇన్ని కారణాలున్నా సర్వర్‌కు కనబడేది ఒక్కటే, నిశ్శబ్దం. నిశ్శబ్దానికి రంగు, రుచి, వాసన ఉండవు.

దీనికి ఎదురు చిక్కు కూడా ఉంది. కబడ్డీలో కూత పెట్టేది మనిషి. ఇక్కడ కూత పెట్టేది ఫోను. ఆడేవాడు కునుకు తీస్తున్నా, ఫోను మాత్రం "ఉన్నాను, ఉన్నాను" అంటూనే ఉంటుంది! అందుకే చాలా ఆటలు వేలు తెరను ఎప్పుడు తాకింది అన్నది కూడా వేరుగా లెక్కపెడతాయి.

ఈ చిక్కు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలకూ ఎదురైంది. మైకేల్ ఫిషర్, నాన్సీ లించ్, మైకేల్ పాటర్సన్ అనే ముగ్గురు 1985లో ఒక పేరుపొందిన సిద్ధాంతాన్ని ప్రచురించారు. కొన్ని కంప్యూటర్లు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటూ ఒకే నిర్ణయానికి రావాలి. కబురు ఎంత ఆలస్యమైనా కావచ్చు. వాటిలో ఒక్కటంటే ఒక్కటి ఆగిపోయే అవకాశం ఉన్నా చాలు, మిగిలినవి ప్రతిసారీ తప్పక నిర్ణయానికి వస్తాయని హామీ ఇచ్చే పద్ధతి, బొమ్మా బొరుసా వేసుకోకుండా నడిచేది, ఉండదని వారు గణితంతో నిరూపించారు. దీని వెనక ఉన్నది మన లూడో చిక్కే. ఆగిపోయినవాడికీ, ఆలస్యంగా వచ్చేవాడికీ తేడా దూరం నుంచి కనబడదు.

దీన్నిబట్టి మనకు మొదటి పాఠం దొరికింది. కారణం కనబడదు కాబట్టి, కారణాన్ని బట్టి నియమం రాయకూడదు. కనబడేవాటిని బట్టే రాయాలి. కనబడేవి రెండు. ఎంతసేపు ఊరుకున్నాడు? ఊరుకునే సమయానికి ఆటలో ఏం జరుగుతోంది?

ఊరుకోవడమే ఎత్తయితే

ఊరుకున్నవాడు ప్రతిసారీ అమాయకుడే అయి ఉండడు. 1950 నవంబరు 22న అమెరికాలో ఒక బాస్కెట్‌బాల్ పోటీ జరిగింది. మినియాపొలిస్ లేకర్స్ బలమైన జట్టు. వాళ్ళతో సమానంగా ఆడితే గెలవలేమని ఫోర్ట్ వేన్ పిస్టన్స్ జట్టు ఒక ఉపాయం పన్నింది. బంతి చేతికి చిక్కితే చాలు, బుట్టలో వేసే ప్రయత్నం మాని పట్టుకుని కాలం గడపడమే! చివరకు పిస్టన్స్ 19-18తో గెలిచారు. నియమం తప్పలేదు. కానీ డబ్బిచ్చి చూడవచ్చినవాళ్ళకు ఆటే దక్కలేదు.

1954లో దానికి మందు దొరికింది. సిరక్యూస్ జట్టు యజమాని డానీ బియాసోన్ ఒక లెక్క వేశాడు. ఆట కాలం 48 నిముషాలు, అంటే 2,880 సెకండ్లు. చక్కగా సాగే పోటీలో రెండు జట్లూ కలిసి బుట్టవైపు సుమారు 120 సార్లు బంతి వేస్తాయి. 2,880ని 120తో భాగిస్తే 24. అందుకని 24 సెకండ్లలోగా బంతి వేసి తీరాలని నియమం పెట్టారు. ఒక్కో జట్టు సగటు స్కోరు ఏడాదిలోనే సుమారు 79 నుంచి 93కు పెరిగింది.

ఆ ఆటగాళ్ళు బంతి ఎందుకు పట్టుకు కూర్చున్నారని నియమం అడగలేదు. గడియారాన్ని మాత్రమే చూసింది. ఇందాకటి పాఠాన్ని ఒకసారి గుర్తుచేసుకోండి!

నిద్రపోయేవాడి సంగతి

లూడో అరగంటలో అయిపోతుంది. కానీ కొన్ని ఆటలు నెలల తరబడి, రాత్రింబగళ్ళు నడుస్తూనే ఉంటాయి. మీరు ఫోను పక్కన పెట్టి పడుకున్నా, ఆ లోకంలో మీ ఇల్లు, మీ సొత్తు అలాగే ఉంటాయి.

2013లో వచ్చిన రస్ట్ అనే ఆటలో, మీరు ఆట మూసి వెళ్ళిపోతే మీ బొమ్మ అక్కడే నేలమీద పడి నిద్రపోతూ ఉంటుంది. ఎవరైనా గోడ పగలగొట్టుకుని వచ్చి, దాన్ని చంపి, సొత్తు దోచుకుపోవచ్చు. అలా ఉంటేనే గోడలు గట్టిగా కట్టుకోవడానికీ, మంచి స్నేహితులను సంపాదించడానికీ అర్థం ఉంటుందని ఆ ఆటను మెచ్చేవాళ్ళు అంటారు. ఆ వాదనలో పస లేకపోలేదు. అందరి ఇళ్ళకూ ఎవరూ తీయలేని తాళాలుంటే దొంగా-పోలీసు ఆట ఎలా ఆడతారు?

అయితే భూమి గుండ్రంగా ఉందన్న సంగతి ఇక్కడ మరచిపోకూడదు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. మన దేశపు గడియారానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. 82.5ని 15తో భాగిస్తే 5.5. అందుకే మన కాలం గ్రీనిచ్ కంటే అయిదున్నర గంటలు ముందుంటుంది. చలికాలంలో మనకు రాత్రి 11 గంటలయినప్పుడు జర్మనీలో సాయంత్రం ఆరున్నర. అక్కడి పిల్లలు ఆటకు కూర్చునే వేళకు మీరు దుప్పటి కప్పుకుంటారు. మరి వాళ్ళందరూ ఒక సర్వర్‌లో ఎక్కువమంది, మీరు ఒక్కరు అయితే? చేతకాక కాదు, తూర్పున పుట్టినందుకు ఓడిపోతారన్నమాట!

అసలు ప్రమాదం ఇంకొకటి ఉంది. పడుకుంటే కోట పోతుందన్న భయం ఉన్నవాడు పడుకోడు. మీ వయసువాళ్ళకు, అంటే 13 ఏళ్ళు నిండినవాళ్ళకు, రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. మొదటి పీరియడులోనే బల్లమీద తల వాల్చే పిల్లలను నేను చూస్తూనే ఉన్నాను. ఊరుకున్నవాణ్ణి బొత్తిగా కాపాడని నియమం, నిద్రపోయేవాణ్ణి శిక్షించే నియమం అవుతుంది.

జర్మనీవాళ్ళ సెలవు చీటీ

మరి మధ్యేమార్గం ఉందా? ఉంది. 2002లో జర్మనీలో మొదలైన ఓగేమ్ అనే ఆటను చూడండి. అందులో మీకొక గ్రహం ఉంటుంది. గనులు తవ్వుతారు, ఓడలు కడతారు, ఇతరుల గ్రహాలమీద దాడికి వెళతారు. మీరు ఉన్నా లేకపోయినా ఆట ఆగదు.

ఇందులో బడిలో సెలవు చీటీ పెట్టినట్టు సెలవు పెట్టవచ్చు. సెలవులో ఉన్నవాడి గ్రహంమీద ఎవరూ దాడి చేయకూడదు. కానీ దానికి షరతులున్నాయి. సెలవు పెట్టినంతకాలం మీ గనులు కూడా పనిచేయవు. మీరు కూడా ఎవరిమీదా దాడికి పోకూడదు. మీ ఓడలు దారిలో ఉండగా సెలవు దొరకదు. ఒకసారి పెడితే కనీసం 48 గంటలు దాటాకే తిరిగి రావాలి.

చెప్పకుండా మాయమైతే? ఏడు రోజులు కనబడకపోతే మీ పేరు పక్కన ఐ అనే అక్షరం పడుతుంది. "వీడు లేడు" అని అందరికీ చాటింపు వేసినట్టే. ఇక వచ్చినవాడికల్లా మీ గనులు వంటింటి కుందేళ్ళే! సెలవు చెప్పి వెళ్ళినవాడికి ఒక న్యాయం, చెప్పకుండా పోయినవాడికి ఒక న్యాయం.

తీగ పీకేసే తెలివిగలవాళ్ళకు మందు ఈవ్ ఆన్‌లైన్ అనే ఆటలో ఉంది. ఐస్‌లాండ్‌లో తయారై 2003లో వచ్చిన ఆట ఇది. మామూలుగా ఆట మూసేస్తే మీ ఓడ కొద్దిసేపట్లో మాయమవుతుంది. కానీ ఇంకొక ఆటగాడితో యుద్ధంలో ఉండగా మూసేస్తే, మీరు లేకపోయినా మీ ఓడ 15 నిముషాల దాకా అక్కడే నిలబడి ఉంటుంది. వైఫై కట్టేసినా లాభం లేదు. నిజంగా కరెంటు పోయినవాడు కూడా అప్పుడప్పుడు దీనివల్ల నష్టపోతాడు, నిజమే. కారణం కనబడని చోట ఏ నియమమూ నూటికి నూరుపాళ్ళు న్యాయం చేయలేదు.

ఇవన్నీ కలిపితే మూడు షరతులు తేలుతాయి.

ఒకటి: రక్షణ ఆపద రాకముందు కోరాలి. దొంగ చెయ్యి భుజం మీద పడబోతుండగా "టైమ్ ప్లీజ్" అంటే చెల్లదు.

రెండు: రక్షణలో ఉన్నవాడికి నష్టం ఉండకూడదు, లాభమూ ఉండకూడదు. తనను కొట్టకూడదంటే, తానూ కొట్టకూడదు.

మూడు: రక్షణకు గడువు ఉండాలి. ఆ గడువు అందరికీ ముందే తెలిసి ఉండాలి.

జట్టు ఆటలో వేరే లెక్క

ఒక్కడే ఆడే చోట ఊరుకుంటే నష్టం అతనిదే. తాడులాగుడు పోటీలో అయిదుగురిలో ఒకడు తాడు వదిలేస్తే? బరువంతా మిగతా నలుగురిమీద పడుతుంది. ఇక్కడ ఊరుకున్నవాణ్ణి కాపాడుతూ పోతే, ఊరుకోనివాళ్ళకు అన్యాయం చేసినట్టవుతుంది.

అయిదుగురు చొప్పున రెండు జట్లు తలపడే డోటా 2 అనే ఆటలో దీనికి ఒక పద్ధతి పెట్టారు. ఒకరి సంబంధం తెగిపోతే ఆటను కాసేపు ఆపవచ్చు. మొత్తం 5 నిముషాలు దాటినా రాకపోతే అతడు ఆటను వదిలేసినట్టు లెక్క. ఆ తరువాత మిగతావాళ్ళు శిక్ష లేకుండా వెళ్ళిపోవచ్చు. అంటే, ముందు వచ్చేవాడికి తలుపు తీసి ఉంచారు. ఆ తలుపు దగ్గర తక్కినవాళ్ళను రోజంతా నిలబెట్టలేదు.

మా తగవు ఎలా తీరింది?

మా కుర్రవాళ్ళకు ఈ సంగతులన్నీ చెప్పి, "కరెంటు నిజంగా పోయిందా అని వాదించుకోకండి. అది ఎవరూ తేల్చలేరు. రేపటినుంచి ఎవరి కూత ఆగినా వర్తించే నియమం మీరే రాయండి" అన్నాను.

నోటుపుస్తకం వెనక అట్టమీద వాళ్ళు ఇలా రాశారు. ఒకరి సంబంధం తెగిపోతే, కాయలు ఎక్కడెక్కడున్నాయో మిగిలినవాళ్ళు రాసుకోవాలి. ఫోన్లో ఎలా ముగిసినా లెక్కలోకి రాదు. మరునాడు బడి వరండాలో సుద్దముక్కతో గడులు గీసి, అక్కడినుంచే ఆట పూర్తిచేయాలి. ఇలా ఒక్కొక్కరికి వారానికి ఒక్కసారే. చూశారా, లాభమూ లేదు, నష్టమూ లేదు, గడువు ఉంది!

ఆ సాయంత్రమే పాత ఆట పూర్తిచేశారు. మొదటివాడి చివరి కాయకు కావలసిన పందెం ఎంతకీ పడలేదు. ఓడిపోయాడు. కానీ ఈసారి కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. తొండి అని ఎవరూ అనలేదు కదా!

వాళ్ళు వెళ్ళాక నాకు 2020 గుర్తుకొచ్చింది. కరోనా రోజుల్లో ఫోన్లలో పాఠాలు చెప్పేవాళ్ళం. ఒక అమ్మాయి పేరు పిలిస్తే పలికేది కాదు. బద్ధకమనుకుని వరసగా హాజరు లేదని వేశాను, అందరూ వింటుండగా మందలించాను కూడా. ఆ ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను అనీ, అదే గంటకు అన్నయ్యకూ పాఠం ఉండేదనీ బడి తెరిచాక తెలిసింది. నిశ్శబ్దానికి కారణం నేనే ఊహించి, నేనే శిక్ష వేశాను. ఆటల నియమాలు రాసేవాళ్ళు నేర్చుకున్న పాఠం ఒక సైన్సు మాస్టారికి అప్పటికి తట్టలేదు.

మీరే చేసి చూడండి

పదిమంది కలిసి అంటుకునే ఆటను మూడు రకాలుగా, ఒక్కొక్కటి పది నిముషాలు ఆడండి. మొదటిసారి "టైమ్ ప్లీజ్" అసలు లేకుండా. రెండోసారి ఎవరు ఎన్నిసార్లయినా, ఎంతసేపయినా చెప్పుకునేట్టు. మూడోసారి పైన చెప్పిన మూడు షరతులతో, ఒక్కొక్కరికి ఒక్కసారి, అంకెలు అరవై లెక్కపెట్టేదాకా మాత్రమే. ఒకరు ఆడకుండా పక్కన నిలబడి, ప్రతి ఆటలో ఎంతమంది దొరికారు, ఎంతమంది మధ్యలో మానేశారు, "తొండి" అన్న మాట ఎన్నిసార్లు వినబడింది అన్నవి పట్టిక వేయాలి.

ఏ ఆటలో తొండి మాట తక్కువగా వినబడిందో చూసి, ఎందుకో మీరే కారణం రాయండి. ఇంకా మంచి నియమం తడితే దాన్ని కూడా ఆడి చూసి, పట్టికతో సహా మాకు రాసి పంపండి.